మరుపును చదివిన వైద్యుడు

వయసు మళ్ళినవారు నిన్నటి మాట మరిచిపోయి, చిన్ననాటి ముచ్చటలను మాత్రం పూస గుచ్చినట్లు చెప్పడం మన ఇండ్లలో అందరూ ఎరిగినదే. దానిని కొందరు చాదస్తమంటారు, కొందరు మతి తప్పడమంటారు. వార్ధక్యంతో పాటు వచ్చే సహజమైన మార్పుగానే లోకం దానిని చాలాకాలం భావించింది. ఆ మరుపు వెనుక మెదడులో జరిగే వినాశం ఉన్నదని, దానికి ఆనవాళ్ళు కూడా ఉన్నాయని సూక్ష్మదర్శినితో చూపినవారిలో ప్రముఖుడు అలాయిస్ అల్జీమర్. ఈనాడు ఆయన పేరు పత్రికలలోను, ఆసుపత్రులలోను నిత్యం వినిపిస్తున్నది. అయితే అది వ్యాధి పేరుగానే తప్ప ఒకప్పుడు జీవించిన మనిషి పేరుగా తలచేవారు తక్కువ.

అల్జీమర్ 1864 జూన్ 14న నాటి బవేరియా రాజ్యంలో, మైన్ నది ఒడ్డున ఉన్న మార్క్‌బ్రైట్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి ఎడువార్డ్ దస్తావేజులను ధ్రువీకరించే నోటరీ. ఆయన మొదటి భార్య ప్రసవానంతరం జ్వరంతో మరణించగా, ఆమె చెల్లెలు తెరేసియాను వివాహమాడాడు. ఆ దంపతుల తొలి సంతానమే అలాయిస్. పిల్లల చదువు కోసం ఆ కుటుంబం అషఫెన్‌బుర్గ్ పట్టణానికి తరలివెళ్ళింది. 1883లో పాఠశాల విద్య పూర్తిచేసిన అల్జీమర్ వైద్యవిద్య కోసం మొదట బెర్లిన్‌కు, తరువాత వ్యూర్ట్స్‌బుర్గ్, ట్యూబింగెన్ విశ్వవిద్యాలయాలకు వెళ్ళాడు.

విద్యార్థి దశలో అల్జీమర్ ఎల్లప్పుడూ పుస్తకాలలో మునిగి ఉండేవాడని తలచరాదు. మంచి దేహపుష్టి కలవాడు, ఉల్లాసి. ఆనాటి జర్మన్ విద్యార్థి సంఘాలలో కత్తిసాము పోటీలు పరువుకు సంబంధించిన వ్యవహారంగా ఉండేవి. అటువంటి పోటీలో ఆయన చెంపకు తగిలిన గాయం మచ్చగా మిగిలిపోయింది. చదువు విషయానికి వస్తే, వ్యూర్ట్స్‌బుర్గ్‌లో కణజాల శాస్త్రంలో మేటియైన ఆల్బర్ట్ ఫాన్ కోలికర్ శిష్యరికం ఆయన జీవితానికి దారి చూపింది. పలుచని కణజాలపు పొరను గాజుపలకపై పరచి, దానికి రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో ఓపికగా పరిశీలించే విద్య అక్కడ అబ్బింది. 1887లో డాక్టరు పట్టం కోసం ఆయన సమర్పించిన పరిశోధన వ్యాసం చెవిలో గులిమిని స్రవించే గ్రంథులను గురించినది. మెదడుకు దానితో సంబంధమేమీ లేదు. అయినా చిన్న వస్తువును శ్రద్ధగా చూడడమెట్లాగో నేర్పిన తొలి పాఠం అదే.

1888 చివర అల్జీమర్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక రోగుల, మూర్ఛరోగుల చికిత్సాలయంలో సహాయ వైద్యుడుగా చేరాడు. ఊరివారు పిచ్చివాళ్ళ కోట అని పిలుచుకొనే ఆ పెద్ద భవనాన్ని పట్టుపట్టి కట్టించినవాడు హైన్రిచ్ హాఫ్‌మన్. ఐరోపా పిల్లలందరికీ తెలిసిన స్ట్రూవెల్‌పీటర్ అనే బొమ్మల పుస్తకాన్ని రచించిన వైద్యుడు ఆయనే. ఆయన తరువాత అధిపతిగా వచ్చిన ఎమిల్ సియోలి రోగులను కట్టివేయడం, గదులలో బంధించడం వీలైనంతగా మాన్పించదలచాడు. మనసు చెదిరినవారిని గోరువెచ్చని నీటిలో చాలాసేపు కూర్చోబెట్టి శాంతపరచడం ఆనాటి చికిత్సలలో ఒకటి. రోగులతో ఓపికగా సంభాషించడం అక్కడ వైద్యుని విధి. అల్జీమర్ స్వభావానికి ఆ చోటు సరిగ్గా తగినది.

మరుసటి సంవత్సరం ఫ్రాంజ్ నిస్సెల్ అక్కడికి వచ్చాడు. నాడీకణాలు స్పష్టంగా కనిపించే విధంగా వాటికి రంగు పట్టించే పద్ధతిని కనిపెట్టిన మేధావి ఆయన. పగలు ఇద్దరూ రోగులను చూసేవారు. రాత్రులు సూక్ష్మదర్శినుల ముందు కూర్చొని, తాము చూసినవాటిని గురించి వాదించుకొనేవారు. మనోవ్యాధులకు మెదడులో భౌతికమైన కారణాలుంటాయన్నది ఆ మిత్రులిద్దరి విశ్వాసం. రోగి మంచం దగ్గర విన్న మాటకు, మరణానంతరం గాజుపలకపై కనిపించిన దృశ్యానికి లంకె కుదర్చాలన్నది వారి పట్టుదల. అల్జీమర్ చేసిన పనినంతటినీ ఈ ఒక్క పట్టుదల నడిపించింది.

1894లో ఆయన సిసిలీ గైసెన్‌హైమర్ అనే సంపన్న వితంతువును వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగారు. భార్య సంపద వలన ఆయనకు జీతంపై ఆధారపడవలసిన అవసరం తప్పింది. ఆ సంసార సుఖం ఏడేండ్లు మాత్రమే నిలిచింది. 1901 ఫిబ్రవరిలో సిసిలీ మరణించింది. చిన్న కుమార్తెకు అప్పటికి ఏడాది వయసు కూడా సరిగా నిండలేదు. పిల్లలను పెంచే భారాన్ని అల్జీమర్ చెల్లెలు ఎలిసబెత్ స్వీకరించింది. ఆయన దుఃఖాన్ని దిగమింగుకొని మరింతగా పనిలో మునిగిపోయాడు.

ఆ ఏడాదే నవంబర్ 25న యాభై ఒక్క ఏండ్ల స్త్రీ ఒకామె చికిత్సాలయానికి వచ్చింది. వైద్యశాస్త్ర చరిత్రలో ఆమె ఆగుస్టె డి. అనే పేరుతో ప్రసిద్ధురాలు. భర్త రైల్వే గుమాస్తా. చాలాకాలం అన్యోన్యంగా సాగిన కాపురంలో ఆమె ఉన్నట్టుండి భర్తపై అనుమానం పెంచుకొన్నది. తరువాత వంటలో పొరపాట్లు మొదలయ్యాయి. వస్తువులను ఎక్కడెక్కడో దాచి మరచిపోయేది. కారణం లేకుండా ఇంట్లో అటూ ఇటూ తిరిగేది. ఇరుగుపొరుగు ఇండ్ల తలుపులు తట్టేది.

మరునాడు అల్జీమర్ ఆమె ఎదుట కూర్చొని ప్రశ్నించాడు. పేరు అడిగితే చెప్పింది. ఇంటిపేరు అడిగితే తన పేరే చెప్పింది. భర్త పేరు అడిగినా తన పేరే చెప్పింది. మధ్యాహ్న భోజనంలో కాలీఫ్లవర్, పంది మాంసం తింటూ, ఏమి తింటున్నావని అడిగితే పాలకూర అని బదులు పలికింది. చేతికిచ్చిన వస్తువుల పేర్లు చెప్పి, కొద్దిసేపటికే వాటిని చూసిన సంగతే మరిచింది. పేరు వ్రాయమంటే మొదటి మాట వ్రాసి, తక్కిన దానిని మరిచి ఆగిపోయింది. తనను తానే పోగొట్టుకొన్నానని ఆమె పలుమార్లు వాపోయింది. అల్జీమర్ ఆ ప్రశ్నలను, జవాబులను ఒక్కటీ విడువకుండా వ్రాసిపెట్టాడు. ఆనాటి వైద్యుల నివేదికలలో రోగి గొంతు వినిపించడం అరుదు. ఈ కాగితాలలో ఆమె గొంతు తప్ప వైద్యుని గొంతు దాదాపుగా వినిపించదు. మతిమరుపు ముసలివారికి వచ్చేదే కదా అని ఆయన సరిపెట్టుకోలేదు. ఆమె వయసు అందుకు చాలదు. ఆ చాలకపోవడమే ఆయనను ఆలోచింపజేసింది.

1903లో అల్జీమర్ ప్రసిద్ధ మనోవైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ వెంట మ్యూనిక్ నగరానికి చేరాడు. అక్కడి మనోవైద్యశాలలో కణజాల ప్రయోగశాలను తీర్చిదిద్దాడు. కొంతకాలం జీతం లేకుండానే పనిచేశాడు. సిఫిలిస్ వ్యాధి ముదిరి మెదడును క్షీణింపజేసినప్పుడు కలిగే మార్పులను ఇతర మెదడు వ్యాధుల నుండి వేరుచేసి చూపుతూ 1904లో ఆయన వెలువరించిన బృహత్ పరిశోధన విద్వాంసుల మన్ననలందుకొన్నది. ఇటలీ, అమెరికా మొదలైన దేశాల నుండి యువవైద్యులు ఆ ప్రయోగశాలకు వచ్చేవారు. ఆయన ఒక్కొక్కరి సూక్ష్మదర్శిని దగ్గర చాలాసేపు కూర్చొని, తాను చూసి, చూపించి, వివరించేవాడు. చేతిలోని చుట్టను పక్కన పెట్టి, మాటలలో పడి దానిని మరచి లేచిపోయేవాడని, సాయంత్రానికి ప్రతి విద్యార్థి బల్లపై ఒక్కొక్క చుట్టపీక మిగిలేదని శిష్యులు ముచ్చటగా చెప్పుకొనేవారు. మరుపుకు మారుపేరైనవాని గురించి ఇటువంటి కథ ప్రచారంలో ఉండడం చిత్రమే.

ఊరు మారినా ఫ్రాంక్‌ఫర్ట్ రోగిని ఆయన మరువలేదు. 1906 ఏప్రిల్ 8న ఆమె మరణించింది. సియోలి ఆమె మెదడును, చికిత్స కాగితాలను మ్యూనిక్‌కు పంపించాడు. ఆ మెదడు బాగా క్షీణించి ఉన్నది. అల్జీమర్ దానిని పలుచని పొరలుగా కోసి, మాక్స్ బీల్షోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త కొద్దికాలం ముందు రూపొందించిన పద్ధతిలో వెండి లవణాలతో రంగు పట్టించాడు. రెండు విచిత్రాలు కనిపించాయి. మొదటిది నాడీకణాల లోపలిది. కణం చచ్చిపోయినా, దానిలోని సన్నని పోగులు మాత్రం చిక్కుపడిన నూలు ఉండలవలె మిగిలి ఉన్నాయి. మెదడు పైపొరలోని నాడీకణాలలో నాలుగో వంతు నుండి మూడో వంతు దాకా ఈ గతి పట్టినవే. రెండవది కణాల వెలుపలిది. మెదడు పైపొర అంతటా ఏదో తెలియని పదార్థం పేరుకొని, చిరుధాన్యపు గింజలను తలపించే మచ్చలుగా ఏర్పడి ఉన్నది.

1906 నవంబర్ 3న ట్యూబింగెన్‌లో జరిగిన నైరుతి జర్మనీ మనోవైద్యుల సభలో అల్జీమర్ ఈ విషయాన్ని వివరించాడు. ఉపన్యాసం ముగిసింది. ఎవ్వరూ ప్రశ్న అడుగలేదు. అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ హోకె చర్చకు తావులేదని భావించి తరువాతి వక్తను పిలిచాడు. ఐదేండ్లుగా మనసులో మోసిన విషయం అంత నిశ్శబ్దంగా ముగియడం ఆయనకు ఎంత కష్టం కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. మరుసటి సంవత్సరం ఒక చిన్న నివేదికగా దానిని ప్రచురించాడు.

ఆ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టినవాడు క్రెపెలిన్. 1910లో వెలువడిన తన మనోవైద్య గ్రంథపు ఎనిమిదవ కూర్పులో ఆయన ఆ పేరును చేర్చాడు. ఇక్కడ మరొకరిని తలచుకోవడం న్యాయం. ప్రాగ్ నగరానికి చెందిన ఆస్కార్ ఫిషర్ 1907లోనే పదహారు మంది వృద్ధ రోగుల మెదడులను పరిశీలించి, వారిలో పన్నెండు మందిలో ఇటువంటి మచ్చలనే కనుగొని వివరంగా వ్రాశాడు. ఒక్క రోగిని చూసినవాని పేరు వ్యాధికి నిలిచింది. పలువురిని చూసినవాని పేరు మరుగున పడింది. యూదుడైన ఫిషర్‌ను నాజీలు బంధించగా, 1942లో ఆయన తెరేజిన్ చెరలో మరణించాడు. తన పేరుతో ప్రచారమైన వ్యాధి వార్ధక్యపు మతిమరుపు నుండి నిజంగా వేరైనదేనా అని అల్జీమర్ స్వయంగా సందేహించాడు. 1911లో మరొక రోగిని గురించి వ్రాసిన వ్యాసంలో ఆ సందేహాన్ని దాచలేదు. ఆ రోగి మెదడులో మచ్చలున్నాయే గాని కణాలలోని చిక్కుముడులు కనిపించలేదు. తనకు కీర్తి తెచ్చే విషయాన్ని తానే ప్రశ్నించిన ఆ నిజాయితీ, ఆ వ్యాధి పేరు కంటె గొప్పదని చెప్పవచ్చు.

1912లో అల్జీమర్ బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో మనోవైద్య ఆచార్యుడుగా నియమితుడైనాడు. ఆ నగరం నేడు పోలండ్‌లో ఉన్నది, దాని పేరు వ్రోత్స్‌వాఫ్. ఉద్యోగంలో చేరడానికి రైలులో వెళుతూ దారిలోనే జబ్బుపడ్డాడు. గొంతులో మొదలైన ఆ వ్యాధి గుండెకు పాకింది. సూక్ష్మజీవనాశక మందులు ఇంకా రాని కాలమది. ఆయన ఆరోగ్యం మరి కుదుటపడలేదు. అయినా వైద్యశాల పనిని, బోధనను విడువలేదు. యుద్ధం వచ్చి సహచరులు సైన్యానికి వెళ్ళిపోగా భారం ఇంకా పెరిగింది. 1915 డిసెంబర్ 19న తన యాభై ఒకటవ ఏట ఆయన కన్నుమూశాడు. ఆగుస్టె తొలిసారి ఆయన ఎదుట కూర్చొన్న నాటి వయసు కూడా అదే. ఆయన భౌతికకాయాన్ని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సిసిలీ సమాధి పక్కన ఖననం చేశారు.

ఆయన జవాబు చెప్పలేక విడిచిన ప్రశ్న ఒకటి మిగిలింది. కణాల వెలుపల పేరుకొన్న ఆ పదార్థం ఏమిటి? అది అక్కడికి ఎట్లా వచ్చింది? దీనికి సమాధానం దొరకడానికి ఏడు దశాబ్దాలకు పైగా పట్టింది. అందులోని ఒక ముఖ్యమైన పాయ ఆయన శిష్యులు గుర్తించిన మరొక వ్యాధి నుండి ప్రవహించి వచ్చింది.

బ్రెస్లావ్‌లో ఆయన వద్ద పనిచేసిన హాన్స్ గెర్‌హార్డ్ క్రాయిట్స్‌ఫెల్ట్ 1913లో ఒక యువతిని పరిశీలించాడు. ఆమె మతి త్వరితంగా చెదిరి మరణించింది. యుద్ధం కారణంగా ఆ వివరాలు 1920లో గాని అచ్చుకు నోచుకోలేదు. మ్యూనిక్‌లో అల్జీమర్ శిక్షణ పొందిన ఆల్ఫాన్స్ జాకోబ్ తరువాత హాంబుర్గ్‌లో స్థిరపడి, 1921లో అటువంటి రోగులను గురించి వ్రాశాడు. ఈ ఇద్దరి పేర్లు కలిపి ఆ వ్యాధిని క్రాయిట్స్‌ఫెల్ట్-జాకోబ్ వ్యాధి అన్నారు. క్రాయిట్స్‌ఫెల్ట్ చూసిన రోగికి వచ్చినది నేడు మనం ఆ పేరుతో పిలిచే వ్యాధి కాకపోవచ్చునని తరువాతి వారు అభిప్రాయపడ్డారు. పేర్లు పెట్టడంలో చరిత్ర ఎప్పుడూ అంత కచ్చితంగా ఉండదు.

ఈ రెండవ వ్యాధికి కారణం బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ఒక ప్రోటీన్ తన ఆకృతిని మార్చుకొని, తన పక్కనున్న అదే రకం ప్రోటీన్లను కూడా తనవలె మార్చివేయడమే కారణమని అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ ప్రూసినర్ ప్రతిపాదించాడు. 1982లో ఆయన దానికి ప్రియాన్ అని పేరు పెట్టాడు. తొలుత చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ ప్రోటీన్ బయటి నుండి వచ్చిన శత్రువు కాదు. మనందరి నాడీకణాల పైనా ఆరోగ్యకరమైన రూపంలో అది ఉన్నది. కోరివచ్చినా రాకున్నా ఇంట్లో పుట్టిన బిడ్డే చెడుదారి పట్టినట్లు, దాని మడత మారినప్పుడే చిక్కు.

ఆ ప్రోటీన్ కణంపై ఎట్లా నిలిచి ఉంటుందో తెలిస్తే తక్కిన కథ సులభంగా బోధపడుతుంది. కణాన్ని చుట్టి ఉండే పొర కొవ్వు పదార్థంతో ఏర్పడినది. చాలా ప్రోటీన్లు గోడలో దిగగొట్టిన మేకువలె ఆ పొరను చీల్చుకొని, కొంత లోపల, కొంత వెలుపల ఉంటాయి. ప్రియాన్ ప్రోటీన్ అట్లా కాదు. పూర్తిగా తయారైన మానవ ప్రియాన్ ప్రోటీన్ 208 అమైనో ఆమ్లాల గొలుసు. దాని చివర చక్కెరలు, కొవ్వు కలిసిన ఒక తోక ఉంటుంది. ఒడ్డుకు చేరిన పడవ లంగరు దించినట్లు, ఆ తోకను మాత్రమే పొరలో నాటి, తన శరీరమంతా కణం వెలుపలనే ఉంచుతుంది. లంగరు దగ్గర తాడు తెగితే పడవ కొట్టుకొనిపోక తప్పదు కదా.

ఆ తాడును కోసే కత్తెర కణంలోనే ఉన్నది. అది ఎడామ్-10 అనే ఎంజైమ్. ఇది కూడా కణపు పొరలో నాటుకొని ఉండి, లంగరుకు కొద్ది అమైనో ఆమ్లాల ఎడంలో ప్రియాన్ ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. అప్పుడు దాదాపు ప్రోటీన్ అంతా కణాన్ని విడిచి బయటి ద్రవంలోకి వెళ్ళిపోతుంది. లంగరు ముక్క మాత్రం పొరలో మిగులుతుంది. 2009లో కణాలపై, 2011లో ఎలుకల మెదడులపై జరిగిన పరిశోధనలు ఈ కత్తెర పాత్రను స్పష్టం చేశాయి. నాడీకణాలలో ఎడామ్-10 లేని ఎలుకలలో ఈ విధమైన విడుదల ఆగిపోయి, ప్రియాన్ ప్రోటీన్ కణంపైనే పోగుపడింది. ఆ ఎలుకలపై పరిశోధన జరిగినది హాంబుర్గ్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో. ఆల్ఫాన్స్ జాకోబ్ జీవితంలో ఎక్కువ భాగం పనిచేసిన నగరం అదే కావడం గమనించదగినది.

కత్తిరింపు ఒక్కటే విడుదల మార్గం కాదు. ప్రోటీన్ గొలుసు నడుమ కూడా ఒక కోత జరుగుతుంది. అందులో ముందరి సగం బయటకు పోయి, లంగరున్న సగం కణంపైనే ఉంటుంది. మరొక మార్గంలో కణం తన పొరతోనే చేసిన అతి చిన్న బుడగలను బయటకు వదులుతుంది. ప్రియాన్ ప్రోటీన్ లంగరు తెగకుండానే ఆ బుడగలపై కూర్చొని ప్రయాణం చేస్తుంది. చెడిన ప్రియాన్ కూడా ఈ బుడగలపై వెళ్ళి ఇతర కణాలకు సోకగలదని 2004లో ఫ్రాన్సులో తెలుసుకొన్నారు.

ఇట్లా విడుదల కావడం మేలా, కీడా? రెండూనని ఎలుకలు చెప్పాయి. 2015లో వెలువడిన పరిశోధనలో, మెదడు ముందు భాగపు నాడీకణాలలో ఎడామ్-10 లేని ఎలుకలకు చెడిన ప్రియాన్‌ను ఎక్కించారు. కత్తెర లేనందున కణంపై ముడిసరుకు ఎక్కువగా నిలిచి, చెడిన ప్రోటీన్ విరివిగా తయారైంది. ఎలుకలు త్వరగా మరణించాయి. కాని వ్యాధి మెదడులోని ఇతర భాగాలకు పాకడం మాత్రం తగ్గింది. కత్తెర పనిచేస్తే వ్యాధి తయారీ తగ్గుతుంది, వ్యాప్తికి దోహదం కలుగుతుంది. పని మానివేస్తే అది తలక్రిందులవుతుంది. అందువలన మందు చేయదలచినవారు ఎంజైమ్‌ను కేవలం హెచ్చిస్తే చాలదు. ఆ ఎంజైమ్ ఇంకా ఎన్నో ప్రోటీన్లను కూడా కోస్తుంది. ప్రియాన్ ప్రోటీన్‌కు అతుక్కొనే ప్రతిరక్షకాలు కొన్ని, దానిని మాత్రమే కణం నుండి ఎక్కువగా విడుదల చేయించగలవని 2021లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

ఇక అల్జీమర్ చూసిన మచ్చల సంగతికి వద్దాం. 1984లో జార్జ్ గ్లెన్నర్, కెయిన్ వాంగ్ అనే శాస్త్రవేత్తలు అల్జీమర్ వ్యాధితో మరణించినవారి మెదడు రక్తనాళాల నుండి బీటా అమిలాయిడ్ అనే చిన్న ప్రోటీన్ ముక్కను వేరుచేశారు. మచ్చలలో పేరుకొన్నది కూడా అదేనని మరుసటి ఏడు తేలింది. ఆ ముక్క స్వతంత్రంగా పుట్టినది కాదు. నాడీకణపు పొరను చీల్చుకొని నిలిచే ఒక పెద్ద ప్రోటీన్‌ను రెండు వేర్వేరు ఎంజైములు రెండు చోట్ల కోయడం వలన అది ఊడి వెలుపల పడుతుంది. వాటి కంటె ముందు మూడవ ఎంజైమ్ ఒకటి వచ్చి ఆ ముక్కను సరిగ్గా నడుమ కోస్తే, అమిలాయిడ్ తయారు కానే కాదు. ఆ మూడవది మరేదో కాదు, ప్రియాన్ ప్రోటీన్‌ను విడిపించే ఎడామ్-10. నాడీకణాలలో ఈ పని చేసేది ముఖ్యంగా అదేనని 2010లో నిర్ధారణ అయింది. ఒక గురువు చూసిన వ్యాధి, ఆయన శిష్యులు చూసిన వ్యాధి ఒకే కత్తెర దగ్గర కలుసుకొన్నాయి.

ఆ కలయిక అక్కడితో ఆగలేదు. అమిలాయిడ్ ముక్కలు కొన్ని కలిసి చిన్న గుంపులుగా ఏర్పడి, నాడీకణంపై నిలిచిన ప్రియాన్ ప్రోటీన్‌కే అతుక్కొని హాని కలిగిస్తాయని 2009లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ హాని ఎంతవరకన్న విషయంలో ఇతరులు విభేదించారు. కాని కణం నుండి విడుదలైన ప్రియాన్ ప్రోటీన్ వెలుపలనే అమిలాయిడ్‌ను పట్టుకొంటే, అది కణాన్ని చేరకుండా అడ్డుపడవచ్చునన్న ఆలోచన అప్పటి నుండి బలపడింది. 1906లో అల్జీమర్ ఆ పదార్థాన్ని తెలియనిదని మాత్రమే వర్ణించి, ఊహలు చేయకుండా విడిచిపెట్టాడు. ఆయనకు అందుబాటులో ఉన్న అద్దాలు కణపు పొరపై ఒక ప్రోటీన్ ఎట్లా నిలిచి ఉన్నదో చూపగలిగేవి కావు.

ఆగుస్టె చికిత్స కాగితాలు కొన్ని దశాబ్దాలు ఎవరికీ కనిపించలేదు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని పాత దస్త్రాలలో నీలిరంగు అట్టలో అవి దొరికాయి. అల్జీమర్ చేతివ్రాత, ఆమె వ్రాయలేక ఆగిపోయిన తన పేరు ఆ కాగితాలపై ఉన్నాయి. ఆ తరువాత కొన్నేండ్లలోనే మ్యూనిక్‌లో ఆమె మెదడు గాజుపలకలు కూడా బయటపడ్డాయి. నూరేండ్ల నాటి ఆ కణజాలం నుండి జన్యు పదార్థాన్ని సేకరించి పరీక్షించినవారికి, చిన్న వయసులోనే ఈ వ్యాధిని తెచ్చే ఒక జన్యు మార్పు కనిపించిందని 2013లో ప్రచురించారు. 2014లో మరొక బృందం అదే కణజాలాన్ని పరీక్షించగా ఆ మార్పు కనిపించలేదు. మార్క్‌బ్రైట్‌లో అల్జీమర్ జన్మించిన ఇంటిని 1995లో స్మారక మందిరంగా తెరిచారు.